ట్రౌట్ చేపలకు నేను పెట్టిన విందు

నా నోటి నుంచి వచ్చే ఏ చేపనైనా సరే, తల దగ్గర ఒక వేటు, తోక దగ్గర ఒక వేటు వేసి, మధ్యలో మిగిలిన ముక్కనే నమ్మండి. వినయం కొద్దీ అంటున్న మాట కాదు ఇది, ముందుగా చేస్తున్న హెచ్చరిక. వాన పడుతోందని నేనంటే మా ఇంట్లోవాళ్ళు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటారు. ఒళ్ళు కాలిపోతోందంటే ముందు థర్మామీటరు తెస్తారు, ఆ తర్వాతే జాలి. చేపల పని మీద గల్ఫ్ రావాలనుకుంటున్న తమ్ముళ్ళు కొందరు మీ అనుభవం ఏదైనా రాయండి, మాకు పనికొస్తుంది అని అడిగారు. గొప్పగా చెప్పుకోదగ్గవి నాలుగు ఏరుదామని కూర్చున్నాను. అవన్నీ మర్యాదగా పక్కకు జరిగి, చెప్పుకోలేనిదానికి దారి ఇచ్చాయి. సరే, అదే రాస్తాను. ఎంత బిగబట్టుకున్నా పెంచే రాస్తాను. మీరు సగం చేసుకుంటూ చదువుకోండి.

ఇప్పుడు నేను బహ్రెయిన్‌లోని హూరా పేటలో ఒక రంగుచేపల దుకాణంలో కూర్చుంటున్నాను. నా అధికారం కింద ఉన్న ప్రజల్లో అందరికన్నా పెద్దది నా బొటనవేలంత. కానీ ఒక చలికాలం మాత్రం నేను బహ్రెయిన్ దేశానికంతటికీ ఏకైక ట్రౌట్ చేపల అధిపతిని. ఆ దేశంలో అప్పుడు ఇంకెవరైనా ట్రౌట్ పెంచుతున్నారేమో నేను విచారించలేదు. విచారిస్తే బిరుదు పోతుందని భయం.

పడమటి వైపు ఒక పాత ఖర్జూరపు తోట, తోట మధ్య చెట్లకు నీళ్ళు పెట్టే సిమెంటు రిజర్వాయరు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అది కొల్లేరులో సగం ఉంటుందని చెప్పాను. నిజానికి మా కైకలూరు వైపు ఒక మోస్తరు చేపల చెరువును నాలుగు భాగాలు చేస్తే అందులో ఒకటి. పైన ఎండ తగలకుండా పచ్చటి వల గుడ్డ, ఒక పక్కన నీళ్ళను చల్లబరిచే మిషను, దానికి నీళ్ళు తోడి పంపే మోటారు, నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు రెండు. ఇదీ నా రాజ్యం.

ట్రౌట్ అంటే మంచు కరిగి పారే వాగుల్లో పుట్టే చేప. ఒంటి నిండా చుక్కలు, పక్కన గులాబీ రంగు చార. నీళ్ళు కాస్త వెచ్చబడితే తిండి మానేస్తుంది, ఇంకాస్త వెచ్చబడితే బతకడం మానేస్తుంది. అలాంటిదాన్ని, వేసవిలో కుళాయి నీళ్ళతో టీ కాచుకోగలిగిన దేశంలో పెంచాలి. అందుకని చలికాలం మొదట్లో జానెడంత పిల్లల్ని విమానంలో తెప్పించి వదలడం, చలికాలం ఉన్నంతకాలం మిషను సాయంతో కాపాడటం, ఎండలు ముదిరేలోపు గాలాలతో పట్టుకోవడం. ఇదీ పథకం. దీనికయ్యే కరెంటుతో మా మండలం మొత్తానికి దీపావళి చేయొచ్చు.

ఇంత పిచ్చి ఎందుకంటే, ఒక పెద్దాయన కోసం. తోట యజమానికి తండ్రి. మేమంతా ఆయన్ని బాబా అనేవాళ్ళం. వయసులో ఉన్నంతకాలం సొంత పడవ మీద సముద్రంలో చేపలు పట్టినవాడు. తర్వాత కాళ్ళు పడిపోయాయి. డాక్టర్లు పడవ ఎక్కవద్దన్నారు. వైద్యానికని కొడుకు ఏదో చలిదేశానికి తీసుకెళ్తే, ఆసుపత్రి పక్క సరస్సులో తన వయసు ముసలివాళ్ళు కుర్చీల్లో కూర్చుని గాలాలతో ట్రౌట్ చేపలు పట్టడం కిటికీలోంచి చూశాడు. చేతికి సెలైన్ సూది ఉండటంతో తను వెళ్ళలేకపోయాడు. తిరిగొచ్చాక ఆసుపత్రి గురించి ఒక్క ముక్క చెప్పలేదట. కుర్చీలో కూర్చునే అలాంటి చేప ఒక్కటి తన చేత్తో పట్టాలని మాత్రం అన్నాడట. ఒకే ఒక్కటి. కొడుకు సముద్రాన్ని కుర్చీ దగ్గరికి తేలేడు కాబట్టి రిజర్వాయరులో ట్రౌట్ వేయించాడు.

ఆ పనికి నన్ను తీసుకున్న రోజు యజమాని అడిగాడు, ట్రౌట్ ఎప్పుడైనా పెంచావా అని. మా ఇంటి వెనకాలే పెరుగుతుందన్నాను. నిజానికి మా ఇంటి వెనకాల పెరిగేది గుర్రపుడెక్క. నా మాటను అరబ్బీలోకి మార్చి చెప్పింది ఆ ఇంటి డ్రైవరు. జగిత్యాల మనిషి, ముస్లిం, అక్కడ ఇరవై ఏళ్ళుగా ఉన్నవాడు. నేను భాయ్ అంటాను, నాకన్నా పెద్దవాడైనా నన్ను అన్నా అంటాడు. మొహంలో ఏమాత్రం తేడా రాకుండా నా మాట చెప్పి, బయటికొచ్చి కారెక్కాక అన్నాడు.

"అన్నా, ట్రౌట్ ఎట్లుంటదో జెర చెప్పరాదు. పొద్దుగాల సేఠ్ అడిగిండు, నాక్కూడ ఎరుకలేదని చెప్పిన."

"ఉంటుంది భాయ్, పొడుగ్గా."

"గంతేనా?"

"అటూ ఇటూ పొడుగ్గా."

అతను స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. ఆ నవ్వుతోనే మా స్నేహం మొదలైంది.

పని నేర్చుకున్నాను, కాదనను. చేపలు పంపినవాళ్ళు ఇచ్చిన కాగితాలు చదివాను. చెరువుల మీద పెరిగినవాణ్ణి, నీళ్ళ రంగు చూసి కొంత, వాసన చూసి కొంత పోల్చుకోగలను. పొద్దునా సాయంత్రమూ నీళ్ళ వేడి చూసేవాణ్ణి, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో మీటరు ముంచి చూసేవాణ్ణి, మేత గుళికలు చేత్తో చల్లి ఎంత ఆత్రంగా పైకి వస్తున్నాయో చూసేవాణ్ణి. రెండు వారాలకోసారి కొన్నింటిని వలతో పట్టి తూచేవాణ్ణి. ఇంతవరకూ నన్ను వేలెత్తి చూపడానికి లేదు. తూచాక నోరు తెరిచేవాణ్ణి, తేడా అక్కడ వచ్చేది.

జనవరి నెల నడిచేసరికి చేప అర కిలో మీద కాస్త తూగింది. ఎవరు చూసినా మెచ్చుకునే ఎదుగుదలే. యజమాని ఫోన్ చేసి ఎంతయ్యాయి అని అడిగాడు. అర కిలో అందామనే నోరు తెరిచాను. రెండు కిలోలు అని వచ్చింది. ఫొటో పంపమన్నాడు. చేపను రెండు చేతులా కెమెరా వైపు బాగా చాచి పట్టుకున్నాను. ఫొటోలో నేను చేప వెనకాల దాక్కున్న కుర్రాడిలా ఉన్నాను. భాయ్ ఆ ఫొటో తీస్తూ ఒకటే మాట అన్నాడు. "అన్నా, నీ చేపలు నీళ్ళల్ల పెరుగుతలెవ్వు. నీ నోట్లె పెరుగుతున్నయ్."

ఆ ఫొటో చూసి యజమాని తండ్రి కోసం పెద్ద చేపలకు వాడే గట్టి గాలం కర్ర తెప్పించాడు. ఆ కర్ర చూసిన రోజే నిజం చెప్పి ఉండవలసింది. కర్ర చాలా బాగుందన్నాను.

పెద్దాయన ఒకసారి సాయంత్రం చక్రాల కుర్చీలో రిజర్వాయరు గట్టుకు వచ్చాడు. భాయ్ కుర్చీ తోస్తున్నాడు. ఆయనకు తెలుగు ఎలాగూ రాదు, నాకు అరబ్బీ రాదు. గల్ఫ్‌లో పాతవాళ్ళంతా మాట్లాడే ముక్కల హిందీలో, మధ్యలో అరబ్బీ కలిపి అడిగాడు, "సదీక్, సమక్ కిత్నా కబీర్?" మిత్రమా, చేప ఎంత పెద్దదైంది అని. నేను రెండు చేతులూ చాపి చూపించాను. మామూలుగా చాపితే పరవాలేదు. ఊరేగింపులో బ్యానరు పట్టుకున్నవాడిలా చాపాను.

ఆయన నవ్వాడు. నా రెండు మణికట్లూ పట్టుకుని, మెల్లగా ఒకదాని వైపు ఒకటి జరపడం మొదలుపెట్టాడు. ఎక్కడ ఆపాలో నువ్వే చెప్పు అన్నట్టు నా మొహం చూస్తూ జరిపాడు. సముద్రం మీద బతికినవాడి చేతులు, తాడు మరకలు ఇంకా పోలేదు. నిజమైన కొలత వచ్చేదాకా ఊరుకుంటే సరిపోయేది. సగం దూరంలోనే ఆపమన్నాను. సరే అన్నట్టు వదిలేశాడు. ఆ అబద్ధాన్ని ఆయన అప్పుడే పసిగట్టాడో, నా మీద గౌరవం కొద్దీ నమ్మాడో నాకు ఇప్పటికీ తెలియదు. రెండింట్లో ఏది నిజమైనా నాకు సిగ్గే.

గాలం వేసే రోజు శుక్రవారం అని ఖాయం చేశారు. చుట్టాల్ని పిలిచారు. రిఫాలో ఉండే పెద్దాయన కూతురు కుటుంబంతో వస్తోంది. గాలం వేయాలంటే చేపకు ఆకలి ఉండాలి. ఒకటి రెండు రోజుల ముందే మేత ఆపేయాలని కాగితాల్లో నల్లటి అక్షరాలతో ఉంది. అది చదవకపోయినా నాకు తెలుసు. చేపల పని చేసేవాళ్ళ పిల్లలకు కూడా తెలుసు. బుధవారం ఆపేశాను. గురువారం సాయంత్రం దాకా గట్టు మీద తిరుగుతూ, రేపు ఆ రెండు కిలోల చేపలు అర కిలోగా బయటపడబోయే సంగతి తలుచుకున్నాను. అంతమంది ముందు. ఆ గట్టి కర్రకు ఆ చిన్న చేప వేలాడుతుంటే, యజమాని నా వైపు తిరగడం నా కళ్ళ ముందు ఎన్నిసార్లు జరిగిందో.

అప్పుడు మా వైపు చెరువుల దగ్గర నేర్చుకున్న ఒక పాడు తెలివి గుర్తుకొచ్చింది. మా దగ్గర చేపలు పట్టి అమ్మే రోజుకు ముందు సాయంత్రం కొందరు రైతులు మేత సంచులు నాలుగు ఎక్కువ కడతారు. తౌడు నింపిన సంచులకు చిల్లులు పెట్టి, కర్రలకు కట్టి నీళ్ళలో వేలాడదీస్తే చేపలు తెల్లవార్లూ వాటి చుట్టూ చేరి లాక్కుతింటాయి. పొద్దున్నే పొట్టలు ఉబ్బి, చూపుకు నిండుగా ఉంటాయి, తూకానికీ వస్తాయి. కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు, ఇద్దరూ తెలియనట్టు అరుచుకుంటారు. అదొక ఆచారం. ట్రౌట్ చేపను ఎవరూ కాటా మీద పెట్టి కొనబోవడం లేదని, కాటా కాదు గాలం రాబోతోందని నా బుర్రకు ఎక్కలేదు. కాదు, ఎక్కింది. కొంచెం పెద్దగా కనిపిస్తే చాలు, ఇన్నింటిలో ఒక్క తిండిపోతు అయినా గాలానికి పడకపోతుందా అనుకున్నాను.

వంటింట్లోకి వెళ్ళి ఖాళీ బియ్యం సంచులు అడిగాను. ఆ ఇంట్లో వంటచేసేది రాజోలు వైపు ఆవిడ. ముప్పై అయిదు దాటి ఉండదు, కానీ ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలో అందరికన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

"ఎన్ని కావాలండి అన్నయ్యగారూ?"

ఆరు చాలన్నాను.

"ఆరు సంచులకి చిల్లులా. ఏటండీ, చేపలకి పెళ్ళి గాని చేత్తున్నారా?"

పెళ్ళి భోజనమే అనుకోమన్నాను. ఆవిడ నవ్వుతూ సంచులు ఇచ్చింది. చేపలు పంపిన కంపెనీవాళ్ళ నూనె గుళికలు, ఎన్నో రోజులకు రావలసినవి, ఆ ఆరు సంచుల్లో నింపి తాడుకు వరుసగా వేలాడదీశాను. రెండు రోజుల నుంచి పస్తున్న చేపలు వాటి మీద పడి నీళ్ళు ఉడికించేశాయి. అంత ఆబ నేనెప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం సంతోషం కూడా కలిగిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి చూస్తే చేపలు నిజంగానే నిండుగా ఉన్నాయి. మూడు పూటలా అత్తవారింట్లో తిన్న అల్లుళ్ళలా అడుగున చేరి, కదలడానికి బద్ధకిస్తున్నాయి. సంచులు విప్పి దాచేశాను. నీళ్ళ మీద సన్నని నూనె తెట్టు, నీళ్ళలో నానిపోయిన గుళికల పిండి తేలుతూ ఉంది. పైపైన వలతో తీసి, సరిపోతుందనుకున్నాను.

యాభై కార్లు వచ్చాయి. సగం చేసుకోండి అన్నాను కదా, ఈసారి ఇంకాస్త ఎక్కువ తగ్గించండి. అయిదు కార్లు. ఆ రోజు దక్షిణపు గాలి, ఫిబ్రవరికి తగని ఉక్క. పెద్దాయన్ని కుర్చీలో గట్టు దాకా తెచ్చి, కాళ్ళ మీద శాలువా కప్పారు. శుభ్రమైన తెల్లటి అంగీ, కొత్త గాలం కర్ర. నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు వినగానే ఆయన చెవి దగ్గర చెయ్యి తిప్పాడు. కాసేపు ఆపగలవా అని. ఆపాను. చేపలు ఖాళీ కడుపుతో ఉంటే కాసేపు ఆపినా పరవాలేదు. నీళ్ళు అద్దంలా పరుచుకున్నాయి. ఆయన ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నాడు. తర్వాత గాలం వేశాడు. వేసిన తీరు చూస్తే ఆ కాళ్ళు ఆ మనిషివి కావనిపించింది.

ఒక చేప వచ్చింది. ఎర చుట్టూ ఒక చుట్టు తిరిగి, వాసన చూసి, మర్యాదగా వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చి అదే చేసింది. నేను పక్కన నిలబడి, ట్రౌట్ చాలా తెలివైన జాతి, ముందు పరిచయం చేసుకుంటుంది అని భాయ్ చేత అరబ్బీలో చెప్పించాను. భాయ్ చెప్పాడు. నా వైపు చూడకుండా చెప్పాడు. చక్రాలు మళ్ళీ వేయకుండానే గంటలు గడిచాయి. పిల్లలకు విసుగు పుట్టి చెట్ల కిందికి పోయారు. పెద్దవాళ్ళు కాఫీల దగ్గర చేరారు. పెద్దాయన మాత్రం అలాగే కూర్చున్నాడు. సముద్రంలో ఇంతకన్నా ఎక్కువ కూర్చున్నవాడు. నేను ఎదురుచూస్తున్నది మాత్రం ఆకలి లేని చేపకు ఆకలి పుట్టాలని.

అప్పుడు ఒక చప్పుడు ఆగింది. మాటల మధ్యలో ఎవరికీ తెలియలేదు. చెరువు మనిషికి మాత్రం నిద్రలోనైనా తెలిసే చప్పుడు అది, మోటారుది. మిషను గదిలోకి పరుగెత్తాను. మోటారు మూతికి అడ్డం పెట్టిన జాలీ నిండా నానిన గుళికల ముద్ద. నా విందు మిగులు. నీళ్ళు అందక మోటారు కాలిపోయి, దానితోపాటు కరెంటు పెట్టె మొత్తం పడిపోయింది. మీటలన్నీ ఎగదోశాను. మళ్ళీ పడిపోయాయి. చల్లబరిచే మిషను లేదు, నీళ్ళు చిలికే చక్రాలు వేద్దామన్నా కరెంటు లేదు. ఎలక్ట్రీషియనుకు ఫోన్ చేస్తే, హిద్‌లో పోర్టు దగ్గర డ్యూటీలో ఉన్నాను, ఎవరైనా వచ్చి తీసుకెళ్తే వస్తానన్నాడు. భాయ్ కారు తీశాడు.

తమ్ముళ్ళూ, ఇక్కడ ఒక్క సంగతి నేర్చుకోండి, నా మిగతా గొప్పలు మర్చిపోయినా సరే. కడుపు నిండా తిన్న చేపకు ఊపిరి ఎక్కువ కావాలి. నీళ్ళలో కుళ్ళే మేత ఆ ఊపిరినే తినేస్తుంది. పైన ఉక్క, లోపల గాలి కలిపే చక్రాలు లేవు. ఈ నాలుగూ ఒకేసారి కలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను బయటికి వచ్చేసరికి అది మొదలైపోయింది.

చేపలు పైకి వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, రిజర్వాయరు నిండా. నీళ్ళ మీద నోళ్ళు తెరుస్తూ మూస్తూ, గులాబీ చారలన్నీ ఎండలో మెరుస్తూ. చుట్టాలు లేచి గట్టుకు వచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. యజమాని ఆనందంగా నా వైపు తిరిగి, ఏమిటిది అన్నట్టు చూశాడు. నా నోరు దాని పని అది చేసింది. బాబాను చూడటానికి వచ్చాయి, ఆకలి వేసి ఎర కోసం వచ్చాయి అని హిందీలో అన్నాను. అన్నవాణ్ణి నేనే. ఇది పెంచింది కాదు, తగ్గించిందీ కాదు.

పెద్దాయన గాలం వేయలేదు. ముందుకు వంగి ఆ నోళ్ళ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూడకుండానే, మెల్లగా అన్నాడు.

"సదీక్, యే ఖానా నహీ మాంగ్తా. హవా మాంగ్తా."

ఇవి తిండి అడగడం లేదు, గాలి అడుగుతున్నాయి. అంతే అన్నాడు. అరవలేదు. ఆ మాట నాకూ ఆయనకూ మధ్యే ఉండిపోయేంత చిన్నగా అన్నాడు. నా పరువు దాచడానికి అలా అన్నాడనిపిస్తుంది, అది ఇంకా గుచ్చుకుంటుంది.

కొడుకు వల తెచ్చి, నాన్నా, ఒకటి వలతో తీసుకో, చేతికి అందుతున్నాయి కదా అన్నట్టు చూపించాడు. ఆయన వలను పక్కకు తోసేశాడు. గాలం దారాన్ని చుట్టేసి, కర్రను తిప్పి మొదలుతో నీళ్ళను కొట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. నీళ్ళు ఎగిరి ఆయన ఒళ్ళంతా పడ్డాయి. ఏం చేస్తున్నాడో నాకు ఆ మొదటి దెబ్బకే అర్థమైంది. నీళ్ళు చిలికితే గాలి కలుస్తుంది. మా చెరువుల్లో కరెంటు పోతే అందరూ దిగి చేసే పని అది. నేనే చేయవలసిన పని. నేను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆయన ఏదో అరబ్బీలో గట్టిగా అన్నాడు. కొడుకు తెల్లటి అంగీతోనే నీళ్ళలోకి దిగాడు. చుట్టాలు దిగారు. చేతులతో, పళ్ళేలతో, ఖర్జూరపు మట్టలతో నీళ్ళు కొట్టారు. వంటావిడ పెద్ద గిన్నె తెచ్చి గట్టు మీది నుంచి నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తూ, "అన్నయ్యగారూ, ఏటలా నిలబడిపోయారు, దిగండి" అంది. అప్పుడు దిగాను. అందరికన్నా ఆఖరున దిగింది నేను. పెద్దాయన చేతిలోని కర్ర మధ్యకు విరిగింది. సగం ముక్కతోనే కొట్టాడు. ఆ కర్ర నా అబద్ధం నమ్మి కొన్నదని అప్పటికి ఆయనకు తెలుసో లేదో.

భాయ్ ఎలక్ట్రీషియన్ని తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చక్రాలు మళ్ళీ తిరిగాయి. అప్పటికే చాలావరకు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ప్లాస్టిక్ టబ్బుల్లోకి ఎత్తాం. చుట్టాలు తడిసిన బట్టలతో కార్లెక్కి వెళ్ళిపోయారు. యజమాని నా పక్క నుంచి గోడ పక్క నుంచి నడిచినట్టు నడిచి వెళ్ళాడు. తిట్టి ఉంటే దానికి ఒక సమాధానం అల్లుకునేవాణ్ణి, అది నాకు చేతనవును.

పెద్దాయనకు బట్టలు మార్చి వంటింటి వరండాలో కూర్చోబెట్టారు. చనిపోయిన చేపల్లో తాజావి కొన్ని ఆయన ముందే శుభ్రం చేయమన్నాడు. వంటావిడ మొదటి చేప పొట్ట చీల్చింది. లోపల గుళికలు, గుప్పెడు, నానినవీ నాననివీ, బల్ల మీద కుప్పగా జారాయి. ఆవిడ గభాల్న పైట కొంగు దాని మీద వేసింది. సంచులు ఇచ్చింది తనే కదా, ఒక్క చూపులో అంతా అర్థమైపోయింది. నా వైపు తిరగకుండా, పెదవి కదలకుండా అంది, "ఆరు సంచులండీ."

పెద్దాయన చెయ్యి చాపి కొంగు పక్కకు తీశాడు. గుళికలు ఒకటి రెండు వేళ్ళతో నలిపి చూశాడు. ఈసారి నన్ను సూటిగా చూశాడు. ఎందుకు అని అడిగాడు. అబద్ధాలు పది తలలో మెదిలాయి. మీకు పెద్దవిగా కనిపించాలని అన్నాను. అది నిజమే. ఆ రోజు మొత్తానికి నేనన్న ఒకే ఒక్క నిజం.

ఆయన ఆ చేప తలను ఒక చేత్తో, తోకను ఒక చేత్తో పట్టుకుని, బల్ల మీద పరిచి, తన రెండు అరచేతులూ దాని రెండు కొసల దగ్గర నిలబెట్టాడు. నా చేతులు పట్టుకుని జరిపిన ఆ రోజు ఆగవలసిన చోటు అదే.

"సగీర్ భీ అచ్ఛా" అన్నాడు. చిన్నదైనా బాగుంటుంది. "ఏక్, బస్."

ఒకటి చాలు.

మరునాడు ఆయన్ని రిఫాలో కూతురి ఇంటికి తీసుకెళ్ళారు. తడిసి దగ్గు పట్టిందని భాయ్ చెప్పాడు. నాకు ఉద్యోగం పోలేదు. మిగిలిన చేపలు ఉన్నంతవరకు చూసుకో అని యజమాని భాయ్ చేత కబురు పెట్టించాడు. నేను వేడి చూసేవాణ్ణి, ఆక్సిజన్ చూసేవాణ్ణి. రెండు రోజులకోసారి గుప్పెడు మేత చల్లేవాణ్ణి, గుప్పెడే.

నాలుగైదు రోజుల తర్వాత భాయ్ గట్టు మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అన్నా, బాబాను ఆస్పత్రికి తోల్కపోతున్న గదా. కార్ల కూసున్నప్పటిసంది ఒక్కటే అడుగుతుండు, ఎన్ని బతికినయని. ఏం జెప్పాలె?"

ఒక రెండు వందలు అని మొదలుపెట్టాను. అతను నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఈసారన్న ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన మొఖం జూసి చెప్పేది నేను."

మరునాడు నీళ్ళు తేటగా ఉన్నప్పుడు గట్టు చుట్టూ తిరిగి లెక్కపెట్టాను. నమ్మబుద్ధి కాక మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారీ అదే వచ్చింది. పదకొండు. భాయ్‌కి ఫోన్ చేసి పదకొండు అన్నాను. పదకొండేనా అని మళ్ళీ అడిగి పెట్టేశాడు. సాయంత్రం తనే ఫోన్ చేశాడు.

"పదకొండు మస్తు అంటుండు. వచ్చే జుమ్మాకు వస్తడంట. మేత మాత్రం పెట్టకుమన్నడు అన్నా. నవ్వుకుంట అన్నడు."

ఆ శుక్రవారం పొద్దున చల్లగా ఉంది. ఉత్తరపు గాలి. కారు తోటలోకి వచ్చింది, భాయ్ కుర్చీ దించాడు. చుట్టాలు లేరు, పళ్ళేలు లేవు. పెద్దాయన చేతిలో పాత కర్ర, సన్నది, సముద్రానికి తీసుకెళ్ళేది. చక్రాలు ఆపనా అని అడిగాను. వద్దన్నాడు, తిరగనీ అన్నాడు. గాలం వేశాడు. మేము ముగ్గురం నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాం. దారం ఒక్కసారి బిగిసింది. ఆయన తొందరపడలేదు. మెల్లగా, కొద్దికొద్దిగా లాగి, ఒక చేపను బయటికి తీశాడు. ఆ పదకొండింటిలోనూ చిన్నదేమో అది. అరచేతుల్లో పెట్టుకుని చూశాడు. రెండు చేతులూ దాని కొసలకు ఆనించి, ఇంతే అన్నట్టు నాకు చూపించాడు. తర్వాత గాలం విప్పి దాన్ని నీళ్ళలో వదిలేశాడు.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో మీకూ తెలుసు. కానీ చెప్పుకోలేనిదే రాస్తానని మొదట్లోనే మాటిచ్చాను.

ఆ పొద్దున అదేదీ జరగలేదు. చల్లగాలీ లేదు, పాత కర్రా లేదు. కారు మాత్రం వచ్చింది, భాయ్ ఒక్కడే దిగాడు. దగ్గు లోపలికి దిగిందని, ఇంట్లోనే మంచం పక్కన ఆక్సిజన్ పెట్టారని, మాట్లాడలేకపోతున్నాడని చెప్పాడు. ఆయన మళ్ళీ ఆ తోటకు రాలేదు. ఆ శుక్రవారం పొద్దుపోయేదాకా నేను చేపలకు మేత పెట్టలేదు. ఏ కారైనా మళ్ళీ వస్తుందేమోనని చూశాను. ఎండలు ముదిరాక మిషను ఆపేయమని కబురొచ్చింది. రిజర్వాయరులోని నీళ్ళు ఖర్జూరాలకు వదిలారు.

కాబట్టి రిజర్వాయరును సగం చేసుకోండి, కార్లను చేసుకోండి, నా గొప్పలన్నీ చేసుకోండి. ఆఖరి శుక్రవారాన్ని సగం చేయకండి, మొత్తంగా తీసి పారేయండి. పదకొండును మాత్రం ముట్టుకోకండి. అది నేను మూడుసార్లు లెక్కపెట్టాను.